పిల్లల షాట్‌పుట్: గుండు ఎందుకు దూరం పోవట్లేదు, తప్పు ఎక్కడుంది, ఎలా సరిచేయాలి

స్కూల్ గేమ్స్ దగ్గర పడ్డాయంటే చాలా బడుల్లో జరిగేది ఒకటే. క్లాసులో అందరికంటే ఎత్తుగా, బలంగా ఉన్న పిల్లాణ్ణి పిలిచి చేతిలో గుండు పెట్టి వెయ్యమంటారు. ఒంట్లో బలం ఉంది కాబట్టి మండల స్థాయిలో గెలిచేస్తాడు. జిల్లాకు వెళ్లేసరికి వాడికంటే సన్నగా ఉన్న గురుకులం పిల్లాడు మీటరున్నర ఎక్కువ వేసి పోతాడు. అప్పుడు ఇంటికొచ్చి ఇంకా బలం పెంచాలని గుడ్లు, డిప్స్ మొదలుపెడతారు. బలం కావాల్సిందే, కాదనను. కానీ ఆ మీటరున్నర తేడా ఎక్కువసార్లు టెక్నిక్‌లోనే ఉంటుంది, దాన్ని సరిచేయడానికి జిమ్ కూడా అక్కర్లేదు.

ఇది పీఈటీ సార్లకు, మేడమ్‌లకు, కోచ్ దొరక్క సొంతంగా నేర్పుకుంటున్న తల్లిదండ్రులకు రాస్తున్నాను. కుడిచేత్తో వేసేవాళ్లను అనుకుని చెబుతున్నా, ఎడమచేతి వాటం వాళ్లయితే కుడి ఎడమలు మార్చుకోండి.

ముందు ఒక లెక్క చూడండి. 1.7 మీటర్ల ఎత్తు నుంచి, 36 డిగ్రీల కోణంలో, సెకనుకు 9 మీటర్ల వేగంతో గుండు చేతిని వదిలితే సుమారు 9.7 మీటర్లు పోతుంది. వేగం అంతే ఉంచి కోణాన్ని 40 డిగ్రీలకు పెంచితే కలిసొచ్చేది పది సెంటీమీటర్ల లోపే. కోణం అలాగే ఉంచి వేగాన్ని సెకనుకు 10 మీటర్లు చేస్తే 11.6 మీటర్లు! అందుకే పక్కన నిలబడి "పైకి వెయ్యి, పైకి వెయ్యి" అని అరిచే బదులు వేగం ఎక్కడ పోతోందో వెతకాలి. ఆ వేగం కాళ్లలో మొదలై, నడుము తిరగడంతో పెరిగి, భుజం మీదుగా చివర్లో వేళ్లకు చేరాలి. చేతి దగ్గర కనబడే తప్పుకు మూలం చాలాసార్లు పాదాల దగ్గర ఉంటుంది. ఫోన్‌లో ఒకసారి పక్కనుంచి, ఒకసారి గుండు వేసే సర్కిల్ వెనకనుంచి స్లో మోషన్ వీడియో తీసి, పాదాల నుంచి పైకి చూసుకుంటూ రండి.

గుండు మెడ వదిలేసి క్రికెట్ బంతిలా విసురుతున్నారు

మన పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువ కనబడేది ఇదే, ఎందుకంటే చిన్నప్పటి నుంచి చెయ్యి అలవాటుపడింది బౌండరీ దగ్గర్నుంచి వికెట్ల వైపు బంతి విసరడానికి. మోచేయి కిందికి జారుతుంది, గుండు చెవి వెనక్కి పోతుంది, అక్కడి నుంచి విసిరేస్తారు. రూల్ ప్రకారం ఇది ఫౌల్. వేయడానికి నిలబడ్డప్పుడు గుండు మెడకో గడ్డానికో తగిలి ఉండాలి, లేదా బాగా దగ్గరగా ఉండాలి. వేస్తున్నంతసేపూ చెయ్యి ఆ చోటు నుంచి కిందికి దిగకూడదు, గుండు భుజాల గీత దాటి వెనక్కి పోకూడదు. ఫౌల్ సంగతి అటుంచండి, మూడు నాలుగు కిలోల ఇనుమును ఆ తీరులో విసిరితే ఆ భారమంతా మోచేయి లోపలి వైపూ భుజం మీదా పడుతుంది. ఎముకలు ఇంకా పెరుగుతున్న వయసులో అది చిన్న విషయం కాదు.

కారణం పట్టుకోవడానికి తేలిక పద్ధతి ఒకటుంది. గుండుకు చాక్‌పీసు పొడి రాసి ఒకసారి వేయించి, పిల్లాడి చెయ్యి, మెడ చూడండి. పొడి వేళ్ల మొదళ్ల దగ్గర అంటుకుని, అరచేయి గుంటలో ఏమీ లేకుండా, మెడ మీద దవడ కింద తెల్లటి మచ్చ గుండ్రంగా ఉంటే పట్టు సరిగ్గా ఉన్నట్టే. అరచేయంతా తెల్లబడి మెడ శుభ్రంగా ఉందంటే గుండు అరచేతిలో కూర్చుంది, మెడను అసలు తాకలేదు. అరచేతిలో పెట్టుకున్న గుండుకు చివర్లో మణికట్టు, వేళ్లు ఇవ్వాల్సిన తోపు అందదు. పైగా బరువు వెనక్కి లాగి మోచేయిని కిందికి దించేస్తుంది.

పట్టు ఇలా ఉండాలి. నడిమి మూడు వేళ్లు గుండు వెనక, మరీ దూరం దూరంగా కాకుండా. బొటనవేలు, చిటికెన వేలు పక్కల నుంచి ఆసరా మాత్రమే. గుండు దవడ కింద, కాలర్ ఎముకకు పైన మెడలోకి ఒత్తుకుని ఉండాలి, బొటనవేలు కిందికి కాలర్ ఎముక వైపు చూడాలి, మోచేయి ఒంటికి అతుక్కోకుండా దాదాపు భుజం ఎత్తులో ఎడంగా ఉండాలి.

పట్టు చూపించినా మోచేయి జారుతూనే ఉంటే బరువు ఎక్కువైందని అర్థం. అండర్-18లో అబ్బాయిలకు 5 కిలోలు, అమ్మాయిలకు 3 కిలోలు. అండర్-20లో అబ్బాయిలకు 6, అమ్మాయిలకు 4. సీనియర్ పురుషులకు 7.26 కిలోలు, మహిళలకు 4. చాలా బడుల్లో స్టోర్ రూమ్‌లో ఉన్న ఒక్క గుండునే ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అందరి చేతా వేయిస్తారు, అసలు గొడవ అక్కడే మొదలవుతోంది. పన్నెండేళ్ల పిల్లలకు 2 కిలోల మెడిసిన్ బాల్ (వ్యాయామానికి వాడే బరువైన బంతి) చాలు. అదీ లేకపోతే పాత బాస్కెట్‌బాల్‌తో మొదలుపెట్టండి.

డ్రిల్ కూడా సులువే. రెండు మోకాళ్ల మీద, వేసే వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టండి. బాల్ మెడ దగ్గర పెట్టుకుని, మోచేయి బాల్ వెనకే ఉంచి ముందుకు నెట్టాలి, చెయ్యి పూర్తిగా చాపాక బొటనవేలు నేల వైపు, అరచేయి బయటికి తిరగాలి. చివర్లో బొటనవేలు ఆకాశం వైపు ఉంటే మోచేయి జారినట్టే, మళ్లీ వేయించండి. వారం పది రోజులు రోజూ కాసేపు ఇదే చేయిస్తే చెయ్యికి కొత్త దారి అలవాటవుతుంది. అది కుదిరాకే ఇనుప గుండు ఇవ్వండి.

నిలబడి వేసినా, గ్లైడ్ చేసి వేసినా ఒకటే దూరం

గ్లైడ్ అంటే సర్కిల్ వెనక అంచు దగ్గర, వేసే వైపు వీపు పెట్టి వంగి, వెనక్కి జారుతూ ముందు అంచు దాకా వచ్చి వేయడం. ఇది కొలిచి చూడాల్సిన సమస్య, కంటికి తెలియదు. నిలబడి మూడు, గ్లైడ్‌తో మూడు వేయించి టేప్ పెట్టండి. గ్లైడ్ బాగా కుదిరినవాళ్లకు మీటరు అటూ ఇటూ ఎక్కువ రావాలి. రెండూ సమానంగా ఉన్నా, గ్లైడ్‌తోనే తక్కువ వస్తున్నా, వెనక నుంచి తెచ్చుకున్న వేగమంతా మధ్యలో ఎక్కడో పారేసుకుంటున్నారన్నమాట.

అయితే గ్లైడ్ మీద పడేముందు నిలబడి వేసే తీరు చూడండి, ఎందుకంటే కాళ్లు వాడటం రానివాళ్లకు గ్లైడ్ నేర్పి లాభం లేదు. పవర్ పొజిషన్‌లో, అంటే గుండు నెట్టడానికి సిద్ధంగా నిలబడే భంగిమలో, ఆపి పక్కనుంచి ఫోటో తీయండి. కుడి పాదం సర్కిల్ మధ్యలో, ఎడమ పాదం స్టాప్ బోర్డ్ (సర్కిల్ ముందు అంచున బిగించే ఒంపు చెక్క) దగ్గర. కుడి మడమ, ఎడమ పాదం మునివేళ్లు ఒకే గీత మీద. బరువులో ఎక్కువ భాగం వంగి ఉన్న కుడి కాలి మీద. గడ్డం, కుడి మోకాలు, కుడి పాదం మునివేళ్లు ఒకదాని పైన ఒకటిగా నిలువు గీతలో. భుజాలు వెనక్కి తిరిగి ఉండాలి. మీ ఫోటోలో పిల్లాడు రెండు కాళ్ల మధ్య నిటారుగా నిలబడి ఉంటే వాడు వేసేదంతా చేత్తోనే.

కుడి కాలు పని చేస్తోందో లేదో మడమే చెప్పేస్తుంది. వేసేటప్పుడు కుడి మడమ బయటికి తిరిగి, మోకాలు, తుంటి వేసే వైపుకు ముందు రావాలి, భుజం వాటి వెనక రావాలి. మడమ నేలకే అతుక్కుని ఉంటే కాలు నిద్రపోతోందనే. చేతిలో ఏమీ లేకుండా, భుజాలు వెనక్కే ఉంచి, కుడి మడమ తిప్పుతూ తుంటిని ముందుకు తెచ్చే కదలిక ఒక్కటే చేయించండి. తోటి పిల్లాడిని వెనక నిలబెట్టి ఎడమ చెయ్యి పట్టుకుని ఆపమంటే భుజం ముందే తిరగదు, నడుం ముందు తిరగడం ఎలా ఉంటుందో ఒంటికి తెలుస్తుంది. దీంతోపాటు మెడిసిన్ బాల్‌ను రెండు చేతులతో కాళ్ల మధ్య నుంచి ముందుకు, తల మీదుగా వెనక్కి వేయించండి, కాళ్లతో తోయడం దానికదే వస్తుంది.

గ్లైడ్ చేశాక మధ్యలో ఆగిపోతున్నారు, లేదా లేచి నిలబడుతున్నారు

దీనికి కళ్లు మూసుకుని చెవులతో వినండి. కుడి పాదం, ఎడమ పాదం నేలను తాకే చప్పుళ్లు దాదాపు కలిసిపోయి "టటప్" అని రావాలి. "టప్..." అని ఒక క్షణం ఆగి మళ్లీ "టప్" అని వినబడితే, ఆ మధ్య ఖాళీలో పిల్లాడి బరువంతా ముందుకు పోయింది, కుడి కాలికి తోయడానికి ఇంకేమీ మిగల్లేదు.

కారణాలు రెండు. ఒకటి, గ్లైడ్‌ను గెంతు అనుకోవడం. కుడి కాలితో పైకి ఎగురుతారు, పైకి ఎగిరినవాళ్లు కింద పడేసరికి నిటారుగా అయిపోతారు. రెండోది, ఎడమ కాలిని ఆకాశంలోకి తన్నడం. ఎడమ కాలు నేలకు దగ్గరగా, స్టాప్ బోర్డ్ అడుగు భాగాన్ని మడమతో తన్నబోతున్నట్టు సూటిగా పోవాలి. ఆ కాలు ఒంటిని వెనక్కి లాగుతుంటే కుడి కాలు చాపుకుని, మడమ మీదుగా నేలను వదిలి, వెంటనే పొట్ట కిందికి వచ్చి లోపలికి తిరిగి దిగాలి. చాలామంది కుడి పాదాన్ని బయల్దేరినప్పుడు ఎలా ఉందో అలాగే, వేళ్లు వెనక్కి చూస్తుండగానే దించుతారు. అలా దిగితే తుంటి తిరగదు, మోకాలి మీద కూడా మెలిక పడుతుంది.

గ్రౌండ్‌లో సున్నంతో ఒక తిన్నని గీత గీసి, గుండు లేకుండా దాని మీద వరసగా నాలుగైదు గ్లైడ్లు చేయించండి. ప్రతి గ్లైడ్ చివర కదలకుండా ఆపి పైన చెప్పిన పవర్ పొజిషన్ వచ్చిందో లేదో సరిచూడండి. పైకి గెంతే పిల్లలుంటే, ఇద్దరు పట్టుకున్న తాడును వాళ్లు వంగి ఉన్నప్పటి తల ఎత్తుకు కాస్త పైన ఉంచండి, గెంతితే తాడు తగులుతుంది. చప్పుడు సరిగ్గా వచ్చాకే చేతికి గుండు. ఒకేసారి కాలు, చెయ్యి, తల అన్నీ చెప్పకండి, పిల్లలు టెన్షన్ పడి వచ్చింది కూడా మర్చిపోతారు. ఆ రోజుకు ఒక్క మాటే చెప్పండి: "ఎడమ కాలు కిందుగా." అంతే.

గుండు ఎడమ వైపు పోతోంది, సెక్టార్ బయట పడుతోంది

సెక్టార్ అంటే గుండు పడాల్సిన, రెండు గీతల మధ్య చోటు. దాని కోణం 34.92 డిగ్రీలే కాబట్టి కొంచెం పక్కకు పోయినా దూరం లెక్కకు రాదు. ముందు పాదాలు చూడండి. ఎడమ పాదం మధ్య గీతకు మరీ ఎడమగా దిగితే ఒళ్లు ముందే తెరుచుకుని గుండు పక్కకు లాగేస్తుంది. సర్కిల్ మధ్యగా ఒక టేపు అతికించి, ఎడమ పాదం దానికి కొద్దిగా మాత్రమే ఎడమగా దిగేలా చూడండి.

పాదాలు సరిగ్గా ఉంటే తప్పు కళ్లది. గుండు ఎక్కడ పడుతుందో చూడాలన్న ఆత్రంతో తల ముందే తిప్పేస్తారు, తల వెనక ఎడమ భుజం వస్తుంది. సర్కిల్ వెనక రెండు మూడు మీటర్ల దూరంలో ఒక వాటర్ బాటిల్ పెట్టి, రెండు పాదాలూ నేలను తాకేదాకా దాన్నే చూడమనండి. ఇక ఎడమ చెయ్యి. దాన్ని వెనక్కి బలంగా విసిరితే గుండుకు బలం వస్తుందని పిల్లలు అనుకుంటారు. నిజానికి అది ముందుకు తెరుచుకుని, మోచేయి మడిచి పక్కటెముకల దగ్గర టక్కున ఆగాలి. ఎడమ పక్కంతా తలుపుకు బందులా నిలబడితేనే కుడి పక్క దాని చుట్టూ వేగంగా తిరుగుతుంది.

గుండు మరీ కిందుగా, లేదా మరీ పైకి పోతోంది

కోణం గురించి ఎక్కువ బెంగ వద్దని పైన లెక్కలోనే చూశాం, కానీ మరీ 25 డిగ్రీలకు పడిపోతే నష్టమే. కిందుగా పోతోందంటే సాధారణంగా ఎడమ మోకాలు వంగిపోతోంది, లేదా ఛాతీ ముందుకు వాలిపోతోంది. ఎడమ కాలు చివర్లో నిటారుగా చాపుకోవాలి. మరీ పైకి పోతుంటే తల వెనక్కి వాల్చి నడుం విరుస్తున్నారు. రెండిటికీ ఒకటే మందు: స్టాప్ బోర్డ్ ముందు రెండు మీటర్ల దూరంలో, సుమారు రెండున్నర నుంచి మూడు మీటర్ల ఎత్తులో రెండు కర్రల మధ్య తాడు కట్టి, దాని పైగా, మరీ ఎక్కువ ఎత్తుకు పోకుండా వేయమనండి. ఎత్తు పిల్లల్ని బట్టి మార్చుకోండి. 45 డిగ్రీలు అని ఫిజిక్స్ పుస్తకం చెబుతుంది కదా అని పిల్లలు అడుగుతారు. గుండు నేల నుంచి కాకుండా భుజంపై నుంచి బయల్దేరుతుంది, పైగా మనిషి ఒళ్లు నిటారుగా కంటే ముందుకే ఎక్కువ బలంగా నెట్టగలదు. అందుకే మంచి త్రోయర్లు కూడా 30లలోనే వదులుతారు.

బాగా వేసి ఫౌల్ అవుతున్నారు

మన గ్రౌండ్లలో చాలాచోట్ల సున్నంతో గీసిన సర్కిలే ఉంటుంది, స్టాప్ బోర్డ్ ఉండదు. బోర్డ్ లేకుండా ఆర్నెల్లు ప్రాక్టీస్ చేసిన పిల్లలకు మీట్‌లో అది కాలికి అడ్డమొచ్చినట్టు అనిపిస్తుంది, భయపడి వెనకే ఆగిపోతారు, లేకపోతే ఎక్కి తొక్కుతారు. వడ్రంగి దగ్గర 10 సెంటీమీటర్ల ఎత్తు, 1.21 మీటర్ల పొడవు ఉన్న చెక్క ఒంపుగా కోయించి, మేకులతో కదలకుండా బిగించండి. పెద్ద ఖర్చేం కాదు. బోర్డ్ లోపలి గోడకు పాదం తగిలితే తప్పు కాదు, పైభాగానికి తగిలితే ఫౌల్. ఈ తేడా పిల్లలకు చూపించి చెప్పండి, సగం భయం పోతుంది. సర్కిల్ వ్యాసం 2.135 మీటర్లు, అది కూడా టేప్‌తో కొలిచే గీయండి.

బోర్డ్ అలవాటయ్యాక కూడా ముందుకు పడిపోతుంటే, గుండు వదలకముందే కాళ్లు మార్చేస్తున్నారన్నమాట. కొన్నాళ్లు కాళ్లు మార్చడం పూర్తిగా మాన్పించి, రెండు పాదాలూ నేల మీదే ఉంచి వేయించండి. గుండు వదిలాక ఎడమ కాలు వెనక్కి పోయి కుడి కాలు ముందుకు రావడం అనేది వేగాన్ని ఆపుకోవడానికే తప్ప దూరం పెంచడానికి కాదు. ప్రాక్టీస్‌లో కూడా గుండు నేల మీద పడేదాకా లోపలే ఆగి, సర్కిల్ వెనక సగం నుంచే బయటికి నడవమనండి. మంచి త్రో వేసిన ఆనందంలో ముందు నుంచి బయటికి ఉరికి ఫౌల్ చేసుకున్న పిల్లలు ప్రతి జిల్లా మీట్‌లో కనబడతారు.

"సార్, నేను స్పిన్ వేస్తా"

స్పిన్ అంటే సర్కిల్‌లో గిర్రున తిరిగి వేయడం. ఫోన్‌లో అమెరికా త్రోయర్ ర్యాన్ క్రౌజర్ వీడియోలు చూసి ఈ మాట అంటారు. 2023లో 23.56 మీటర్లతో ప్రపంచ రికార్డు వేసింది స్పిన్‌తోనే కాబట్టి పిల్లల ఆశ న్యాయమే. కానీ మన తజిందర్‌పాల్ సింగ్ తూర్ 21.77 మీటర్ల జాతీయ రికార్డు, టోక్యో ఒలింపిక్స్ మహిళల విభాగంలో చైనాకు చెందిన గాంగ్ లిజావో 20.58 మీటర్ల బంగారు పతకం, ఇవన్నీ గ్లైడ్‌తో వచ్చినవే. పవర్ పొజిషన్ కుదరని పిల్లలకు స్పిన్ ఇస్తే తప్పులు రెట్టింపవుతాయి. గుండు లేకుండా తిరిగి బ్యాలెన్స్‌గా ఆగడం ఆటలా నేర్పండి, మీట్‌లో మాత్రం గ్లైడే వేయించండి.

నొప్పి అంటున్నారు

వేళ్లు, మణికట్టు నొప్పి అంటే గుండు బరువైనా ఎక్కువై ఉంటుంది, వేళ్ల కొసల మీదైనా నిలబెడుతుంటారు. బరువు తగ్గించి, పట్టు కాస్త కిందికి దించండి, బకెట్‌లో ఇసుక పోసి అందులో వేళ్లు దూర్చి పిడికిలి మూసి తెరిచే వ్యాయామం చేయించండి. మోచేయి లోపలి వైపు నొప్పి అంటే మొదటి లోపమే, విసరడం. నడుము కింది భాగంలో నొప్పి, అదీ వెనక్కి వంగితే ఎక్కువవుతూ, రెండు వారాలైనా తగ్గకపోతే బామ్ రాసి పంపొద్దు. ఎదిగే వయసులో వెన్నుపూసలో సన్నని పగులు వచ్చే అవకాశం ఉంది. త్రోలు ఆపేసి ఎముకల డాక్టర్‌కు చూపించండి.

గుండును వెనక్కి విసిరి ఇవ్వడం, సెక్టార్‌లో నిలబడి ఏరుకోవడం, ఈ రెండూ మీ గ్రౌండ్‌లో మొదటి రోజు నుంచే పూర్తిగా నిషేధించండి. అందరూ వేశాక అందరూ కలిసి వెళ్లి చేత్తో పట్టుకుని తేవాలి.

ప్రాక్టీస్‌లో బాగుంది, మీట్‌లో తగ్గిపోయింది

ముందు గుండు బరువు తూకం వేయించండి. పాతబడి తుప్పు రాలిన గుండు తేలికైపోయి ఉండొచ్చు, అదే అయితే ప్రాక్టీస్ దూరమే తప్పుడు లెక్క. తర్వాత బూట్లు చూడండి. మట్టిలో వేసిన పిల్లలు నున్నటి సిమెంట్ సర్కిల్‌లో జారతారు. అడుగున గాడులున్న బూట్లు, స్పైక్స్ కాకుండా అడుగు సమంగా ఉన్నవి వేయించి, ఊళ్లో ఏ సిమెంట్ గచ్చు మీదనైనా గ్లైడ్ చేయించండి. సర్కిల్ తడిగా ఉంటే అడుగులు తుడుచుకోవడానికి ఒక పాత గోనెసంచి బ్యాగ్‌లో పెట్టండి.

ఇంకోటి, మొదటి త్రోకే రికార్డు కొట్టాలని బిగుసుకుపోవడం. సాధారణంగా అందరికీ మూడు త్రోలు, అందులో మొదటి ఎనిమిది మందికి ఇంకో మూడు ఉంటాయి. మొదటిది గ్లైడ్ నెమ్మదిగా, ఫౌల్ లేకుండా, లెక్కలోకి వచ్చేలా వేయమనండి. రెండోదాంట్లో గట్టిగా వేయొచ్చు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో తూర్ మొదటి రెండూ ఫౌల్ చేసి, ఆఖరి త్రోలో 20.36 మీటర్లు వేసి బంగారు పతకం తెచ్చుకున్నాడు. ఆ ఫైనల్ వీడియో మీట్‌కు ముందు రోజు పిల్లలకు చూపించండి, ఒక్కో త్రోకు మధ్యలో అతను ఏం చేస్తున్నాడో గమనించమనండి. మీట్ రోజు సర్కిల్ దగ్గర నిలబడి మీరు చెప్పేది మాత్రం ఒక్క మాటే ఉండాలి, అదీ వాళ్లు ప్రాక్టీస్‌లో రోజూ విన్న మాటే.